డిజెబిలిటీ పెన్షన్ ఫైలు ఏ బల్ల మీద ఆగిందో కనిపెట్టి కదిలించడం ఎలా

నెలకు నాలుగైదు ఫోన్లయినా వస్తుంటాయి. ఊరు మారుతుంది, రెజిమెంటు మారుతుంది, సర్వీసులో వచ్చిన వైకల్యానికి ఇచ్చే డిజెబిలిటీ పెన్షన్ గురించిన ప్రశ్న మాత్రం అదే. “సాబ్, అప్లికేషన్ పెట్టి ఏడాదిన్నర దాటింది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఎవరికి రాయమంటారు?” కొందరు అప్పటికే రాష్ట్రపతికీ ప్రధానికీ రక్షణ మంత్రికీ రాసేసి ఉంటారు. ఆ మూడు ఉత్తరాలూ ఢిల్లీలో ముద్రలు వేయించుకుని, చివరికి మన సర్వీసు కాగితాలు ఉండే అదే రికార్డు ఆఫీసులో అదే క్లర్కు బల్ల మీదకు దిగుతాయి. ఆ బల్లకు అవతలి వైపు చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను. ఒకే ఫైలు మీద నాలుగు ఉత్తరాలు వస్తే క్లర్కు ముందు ఆ నాలుగింటికీ జవాబులు తయారుచేస్తాడు. మీ అసలు పని ఐదోది అవుతుంది.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి: ఆలస్యం వాళ్లది, గడువు మాత్రం మనది. వాళ్లు రెండేళ్లు కూర్చున్నా అడిగేవాడు లేడు. మీరు ఆరు నెలలు దాటితే కారణం రాసి మన్నించమని కోరాల్సి వస్తుంది.

ఇక్కడ రాసింది ముఖ్యంగా సైన్యంలో జవాన్లు, ఎన్సీవోలు, జేసీవోలుగా (అంటే ఆఫీసర్ల కింది ర్యాంకుల్లో) పనిచేసి బయటకు వచ్చినవారికి. నౌకాదళం, వైమానిక దళం వారికి దారి దాదాపు ఇదే, చిరునామాలు వేరు.

దగ్గర పెట్టుకోవలసినవి

డిశ్చార్జి బుక్కు. పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) ఉంటే దాని నకలు, రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్ లాగిన్ వివరాలు. రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు ముగించి వచ్చేటప్పటి వైద్య పరీక్ష) లేదా ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు (ఆరోగ్యం చాలక మధ్యలో పంపేటప్పటిది) కాగితాలు (ఫారం పేరు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16). మీ క్లెయిము తిరస్కరించి ఉంటే ఆ ఉత్తరం. దెబ్బ తగిలిన కేసయితే ఇంజ్యురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగి ఉంటే దాని కాగితాలు. మిలిటరీ ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పులు ఎన్ని దొరికితే అన్ని. ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు.

వీటితోపాటు ఒక పొడుగు నోటుబుక్కు. ప్రతి ఉత్తరం తేదీ, స్పీడ్ పోస్ట్ నంబరు, ఎవరికి పంపారు, ఏం జవాబు వచ్చింది అన్నీ అందులో రాయాలి. రెండేళ్ల తరువాత సాయుధ దళాల ట్రిబ్యునల్ ముందు మీ తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.

1. మీది ఏ రకం ఆలస్యమో తేల్చుకోండి

“పెన్షన్ రాలేదు” అన్న ఒక్క మాట కింద అయిదు వేర్వేరు జబ్బులు ఉంటాయి.

అ) మంజూరయింది, పీపీవోలో ఉంది, డబ్బు మాత్రం ఖాతాలో పడటం లేదు, లేదా తక్కువ పడుతోంది. ఇది చెల్లింపు సమస్య. నేరుగా 6వ మెట్టుకు వెళ్లండి.

ఆ) క్లెయిము ఎప్పుడో తిరస్కరించారు, ఆ ఉత్తరం మీకు చేరలేదు. నాకు ఫోను చేసేవారిలో చాలామందిది ఇదే. “పెండింగులో ఉంది” అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. అక్కడ ఫైలు మూసేసి అలమారాలో పెట్టి ఉంటుంది.

ఇ) అప్పీలు పెట్టారు, జవాబు లేదు.

ఈ) ట్రిబ్యునల్‌లో గెలిచారు, అమలు కావడం లేదు.

ఉ) అసలు క్లెయిమే లేదు. మెడికల్ కేటగిరీ తగ్గి బయటకు వచ్చారు, అడగవచ్చని ఎవరూ చెప్పలేదు.

మీరు ఏ అక్షరంలో ఉన్నారో నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. ఇది తేలకుండా పంపే ఉత్తరం వృథా.

2. మెడికల్ బోర్డు కాగితం చదవండి

కేసు బతికినా చచ్చినా ఇక్కడే. నాలుగు చోట్ల వేలు పెట్టి చూడండి.

మొదటిది శాతం. సాధారణంగా 20 శాతం లేదా అంతకు మించి ఉండాలి. రెండోది, ఆ జబ్బు లేదా దెబ్బ సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, రెండూ కాదా అన్న గడులు. రెండూ కాదు అని రాస్తే దాన్నే ఆఫీసుల్లో ‘నానా’ అంటారు. మూడోది, దానికి బోర్డు రాసిన కారణం. “శాంతి ప్రాంతంలో మొదలైంది” అనో “శరీర తత్త్వం” అనో ఒక ముక్క రాసి వదిలేస్తారు. నాలుగోది, చేరినప్పుడు మీరు షేప్-1లో (పూర్తి ఆరోగ్యవంతుల మెడికల్ కేటగిరీలో) ఉన్నారా, అప్పుడు ఏదైనా జబ్బు నమోదయిందా అన్నది.

శాతం 20కి పైన ఉండి, కారణం ఒక ముక్కలో ముగిసి, చేరేనాటికి జబ్బేమీ నమోదు కాకపోతే మీ చేతిలో గట్టి కేసు ఉన్నట్టే. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. చేరినప్పుడు నమోదు కాని జబ్బు తరువాత వస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే భావించాలి, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిది, ఊరికే కాదంటే సరిపోదు, కారణం రాయాలి. సర్వీసు పూర్తి కాకుండానే బోర్డు అవుటు చేసి పంపినవారికి 2014 నాటి సుఖ్వీందర్ సింగ్ తీర్పు ఉంది. బోర్డు శాతం తక్కువ వేసినా, ఉద్యోగం నుంచే తీసేసేంత వైకల్యం 20 శాతానికి మించి ఉన్నట్టే అని అందులో అన్నారు.

హెచ్చరిక: 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ నియమాలు వచ్చాయి. ఆ తరువాత బయటకు వచ్చినవారు పక్కింటి మాజీ సైనికుడి పాత అప్పీలును కాపీ కొట్టవద్దు. మీ ఉత్తర్వులో ఏ నియమాలు ఉదహరించారో చూసి, వాటి మీదే రాయండి.

3. కాగితం లేకపోతే ఆర్‌టీఐ

బోర్డు కాగితాలు చాలామంది దగ్గర ఉండవు. డిశ్చార్జి హడావుడిలో సంతకం పెట్టి రైలెక్కేసి ఉంటారు. కంగారు పడనక్కర లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో, ఆన్‌లైన్ పోర్టల్‌లో గానీ పోస్టల్ ఆర్డరు జతచేసి గానీ అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే ఆ తరువాతి 30 రోజుల్లో ఆ చట్టం కిందే మొదటి అప్పీలు.

ఉపన్యాసం రాయకండి. “నాకు పెన్షన్ ఎందుకు ఇవ్వలేదు?” అన్న ప్రశ్నకు ఆ చట్టం కింద జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు, సంజాయిషీ. ఇలా అడగండి:

– ఫలానా నెల, ఫలానా మిలిటరీ ఆసుపత్రిలో జరిగిన నా రిలీజ్ మెడికల్ బోర్డు పూర్తి ప్రతి.
– నా డిజెబిలిటీ పెన్షన్ క్లెయిముపై తీసుకున్న నిర్ణయం ప్రతి, అది నాకు పంపిన తేదీ, పంపిన చిరునామా.
– ఫలానా తేదీ నాటి నా అప్పీలు ప్రస్తుతం ఏ విభాగంలో ఉంది, అక్కడికి చేరిన తేదీ, దానిపై ఫైలులో రాసిన నోటింగుల ప్రతి.

మూడో ప్రశ్నతోనే బల్ల దొరుకుతుంది. నోటింగుల ప్రతి అడిగారంటే ఆ ఫైలును ఎవరో ఒకరు అలమారాలోంచి తీయక తప్పదు. తీసిన ఫైలు మీద ఏదో ఒకటి రాయాలి. ఆర్‌టీఐ వెళ్లిన నెలలోనే నిర్ణయం వచ్చిన సందర్భాలు నా నోటుబుక్కులోనే ఉన్నాయి.

రికార్డు ఆఫీసు మీ ఊరిని బట్టి ఉండదు, మీ ఆర్మ్‌ను, అంటే సైన్యంలో మీరు పనిచేసిన విభాగాన్ని బట్టి ఉంటుంది. ఈఎంఈ, ఏవోసీ వారికి సికింద్రాబాద్. ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్. ఎంఈజీకి బెంగళూరు. సిగ్నల్స్‌కు జబల్‌పూర్. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కు కన్నూరు. ఆర్టిలరీలో చేసిన మనిషి ఇంటికి దగ్గరని సికింద్రాబాద్ గేటు దగ్గర పడిగాపులు పడితే లాభం లేదు. అలా పడ్డవారిని చూశాను.

పెన్షన్ ఏదీ లేకుండా బయటకు వచ్చినవారు ఈ పని రేపటికి వాయిదా వేయకండి. అలాంటివారి సర్వీసు రికార్డులను 25 ఏళ్ల తరువాత నాశనం చేయవచ్చన్న నిబంధన ఉంది. ఆ తరువాత చేతిలో మిగిలేది డిశ్చార్జి బుక్కు ఒక్కటే.

4. మొదటి అప్పీలు

తిరస్కరణ అందిన ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు వేయాలి. వినేది సైనిక ప్రధాన కార్యాలయంలోని కమిటీ, పంపేది మీ రికార్డు ఆఫీసు ద్వారా. తిరస్కరణ ఉత్తరం ఆర్‌టీఐలోనే మొదటిసారి చూశారా? అయితే “ఈ నిర్ణయం నాకు ఫలానా తేదీన ఆర్‌టీఐ ద్వారానే తెలిసింది” అని మొదటి పేరాలోనే రాసి, ఆ కవరు జతచేయండి. కవరు మీది పోస్టల్ ముద్ర కూడా సాక్ష్యమే, పారేయకండి.

అప్పీలు రెండు పేజీలు దాటనివ్వకండి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే పని త్వరగా అవుతుంది, రాయించుకోవడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయం తీసుకోవచ్చు. వరుస ఇది. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ. చేరినప్పటి మెడికల్ కేటగిరీ. జబ్బు మొదట బయటపడిన తేదీ, అప్పుడు మీరున్న యూనిట్, ఆ ప్రదేశం. అంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారు, ముఖ్యంగా ఎత్తైన ప్రాంతాలు, ఫీల్డు ప్రాంతాలు, ఎన్ని నెలలు. బోర్డు రాసిన కారణం, అది ఎందుకు చాలదు. కోరిక ఒక్క వాక్యంలో.

నాలుగో అంశం మీద ఒక మాట. చాలామంది పోస్టింగుల జాబితా రాయరు, “దేశం కోసం కష్టపడ్డాను” అని రాస్తారు. ఆ మాట నిజమే, కానీ కమిటీ దానితో ఏమీ చేయలేదు. “ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు సియాచిన్ బేస్‌లో” అని రాస్తే మాత్రం దాన్ని దాటి వెళ్లడం కష్టం.

5. రెండో అప్పీలు, ఆరు నెలల లెక్క

మొదటిది కొట్టేస్తే, ఆ ఉత్తరం అందిన ఆరు నెలల్లోపు రెండో అప్పీలు. మరి మొదటిదానికి జవాబే రాకపోతే? మనవాళ్లు మోసపోయేది ఇక్కడే. రిమైండర్ మీద రిమైండర్ పంపుతూ మూడేళ్లు గడుపుతారు. రిమైండర్లతో గడువు పెరగదు, ఎన్ని పంపినా సరే.

2007 నాటి సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టంలో దీనికి దారి ఉంది. మీరు అప్పీలు పెట్టాక ఆరు నెలలు గడిచినా జవాబు లేకపోతే, కింది మెట్లన్నీ ఎక్కినట్టే లెక్క. అక్కడి నుంచి మరో ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కాబట్టి అప్పీలు స్పీడ్ పోస్ట్ చేసిన రోజే క్యాలెండరులో ఆరో నెల చివర ఒక గీత, పన్నెండో నెల చివర ఒక గీత గీయండి. మొదటి గీత దాకా ఒకే ఒక్క రిమైండర్. రెండు గీతల మధ్య వకీలు.

6. మంజూరయినా డబ్బు రాకపోతే

స్పర్శ్‌లోకి లాగిన్ అయి పీపీవో తెరవండి. డిజెబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం) అక్కడ ఉందా? ఉంటే ఎంత శాతం, ఏ తేదీ నుంచి? పీపీవోలో లేకపోతే రికార్డు ఆఫీసుతో పని. పీపీవోలో ఉండి నెలవారీ స్లిప్పులో లేకపోతే ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల ప్రధాన నియంత్రకుల కార్యాలయంతో పని. స్పర్శ్‌లోనే ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. కంప్యూటరు చేతకానివారికి కామన్ సర్వీస్ సెంటర్లలోనూ ఈ సేవ ఉంది.

పెన్షన్ మొత్తంగా ఆగిపోతే ముందు చూడాల్సింది లైఫ్ సర్టిఫికెట్. దాన్ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో పెన్షన్ చెల్లించే సంస్థ దగ్గర పాత బ్యాంకు పేరు ఎంచుకుంటే సర్టిఫికెట్ వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. అక్కడ స్పర్శ్‌ను ఎంచుకోవాలి. తరువాత చూడాల్సింది పేరు. సర్వీసు రికార్డులో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు. మన తెలుగువాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన తలనొప్పి. నా సొంత ఫైలు అయితే కవరింగ్ లెటరులో ఆర్మీ నంబరు ఒక అంకె తప్పు పడినందుకు పదకొండు నెలలు ఆగింది. ఆ తప్పు చేసింది నాలాంటి మరో క్లర్కే.

స్పర్శ్‌లో కదలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్. దానికి 2024 నుంచి 21 రోజుల గడువు పెట్టారు. “సంబంధిత కార్యాలయానికి పంపడమైనది” అని రాసి ఫిర్యాదు మూసేస్తే అక్కడే అప్పీలు నొక్కండి, వదలవద్దు. అయితే తిరస్కరించిన కేసుకు సీపీగ్రామ్స్ మందు కాదు. అది చెల్లింపులకు, జవాబు రాని ఉత్తరాలకు పనికొస్తుంది. నిర్ణయం మార్చదు.

7. ట్రిబ్యునల్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారి కేసులు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. సొంతంగా వాదించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఈ కేసులు తరచుగా చేసే వకీలును పెట్టుకోవడమే మంచిది. ఫీజు భరించలేనివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో న్యాయ సహాయం గురించి అడగండి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జూలైలో సైనిక కుటుంబాల కోసం వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది.

చాలా ఏళ్లు ఆలస్యమైందని వెనక్కి తగ్గకండి. పెన్షన్ నెలనెలా రావాల్సింది కనుక నష్టమూ నెలనెలా కొత్తగా జరుగుతుందని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అదీ డిజెబిలిటీ పెన్షన్ కేసే, పదహారేళ్లు ఆలస్యంగా వేసినది. కానీ బకాయిలు మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇచ్చారు. మిగతా ఏళ్ల డబ్బు పోయింది. ఇంట్లో కూర్చుని ఎదురుచూడటానికి అయ్యే ఖర్చు అది.

హెచ్చరిక: “బకాయిల్లో సగం నాకు, గెలిపించే పూచీ నాది” అనే మధ్యవర్తులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. స్పర్శ్ పాస్‌వర్డు, ఓటీపీ, సంతకం చేసిన ఖాళీ కాగితం – ఈ మూడూ ఎవరి చేతికీ ఇవ్వకండి.

8. గెలిచాక

ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని వారంలోపు రికార్డు ఆఫీసుకు స్పీడ్ పోస్ట్‌లో పంపండి. వకీలు పంపుతాడులే అనుకోవద్దు. ఉత్తర్వులో ఇచ్చిన గడువు దాటిన మర్నాడే అమలు కోసం అదే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ప్రభుత్వం పై కోర్టుకు వెళ్లవచ్చు, దానికీ సిద్ధంగా ఉండండి. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ప్రభుత్వ పిటిషన్లను ఒకేసారి దాదాపు 300 కొట్టేసింది. ఎంతమంది సైనికులు గెలిచి కూడా ఎదురుచూశారో దాన్ని బట్టే ఊహించుకోండి. పై కోర్టు స్టే ఇస్తే తప్ప, “అప్పీలుకు వెళ్తున్నాం” అన్న ఉత్తరం ఒక్కటే అమలు ఆపడానికి కారణం కాదు.

తరచుగా చేసే తప్పులు

ఒకే సంగతి పదిమందికి రాయడం గురించి మొదటే చెప్పాను. దానికంటే పెద్ద తప్పు పాత అప్పీలుకు జవాబు రాకముందే కొత్త కోరిక కలిపి మరో ఉత్తరం పెట్టడం. అప్పుడు పాతదాన్ని కొత్తదానితో కలిపి, కొత్త తేదీ నుంచి లెక్క మొదలుపెడతారు.

ఒరిజినల్ కాగితాలు పంపేవారూ ఉన్నారు. ఎప్పుడూ నకళ్లే పంపాలి.

ఫోనులో క్లర్కు చెప్పిన మాట నమ్మి గడువు వదిలేయడం ఇంకొకటి. “వచ్చే నెల అయిపోతుంది” అని నేనూ ఎంతోమందికి చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు. ఫైలు పైకి వెళ్లాక ఏమవుతుందో ఆ కుర్చీలో ఉన్నవాడికీ తెలియదు.

సొంతంగా డిశ్చార్జి అడిగి వచ్చాను కనుక నాకు రాదు అనుకోవడం కూడా పొరపాటే. 2006 జనవరి 1 తరువాత అలా వచ్చినవారికి, బోర్డు సర్వీసుతో సంబంధం ఒప్పుకుని శాతం 20కి తగ్గకపోతే, డిజెబిలిటీ ఎలిమెంట్ అడిగే హక్కు ఉంది.

భర్త అప్పీలు మధ్యలో చనిపోతే భార్య ఆ ఫైలును వదిలేయకూడదు. ఆయనకు రావలసిన బకాయిలు ఆమె అడగవచ్చు. మరణ ధ్రువీకరణ పత్రంతో రికార్డు ఆఫీసుకూ, కేసు నడుస్తుంటే ట్రిబ్యునల్‌కూ తెలియజేయాలి.

వచ్చిన డబ్బు సరిగ్గా ఉందా?

డబ్బు పడగానే మిఠాయి పంచి ఊరుకోకండి, లెక్క చూడండి. పాత నియమాల కింద నూరు శాతం వైకల్యానికి డిజెబిలిటీ ఎలిమెంట్ చివరి జీతంలో 30 శాతం. శాతం తగ్గితే ఆ దామాషాలో తగ్గుతుంది. యుద్ధంలో, ఆపరేషన్లలో గాయపడినవారికి వార్ ఇంజ్యురీ పెన్షన్, దాని లెక్క వేరు, ఎక్కువ.

తరువాత రౌండింగ్, అంటే బ్రాడ్ బ్యాండింగ్. 20 నుంచి 49 శాతం ఉంటే 50గా, 50 నుంచి 75 ఉంటే 75గా, 76 పైన ఉంటే 100గా లెక్కించాలి. మొదట్లో బోర్డు అవుటయినవారికే ఇచ్చేవారు. సర్వీసు పూర్తిచేసి వైకల్యంతో వచ్చినవారికీ ఇవ్వాలని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. లెక్కకు వచ్చే చివరి జీతం 40,000 రూపాయలు, బోర్డు వేసింది 30 శాతం. నూరు శాతానికి 12,000. రౌండింగ్ లేకుండా అందులో 30 శాతం 3,600. రౌండింగ్ చేస్తే 50 శాతం కనుక 6,000. తేడా నెలకు 2,400, దాని మీద డీఆర్ (పెన్షనర్లకు ఇచ్చే కరువు భత్యం) అదనం. పీపీవోలో 30 అనే ఉండి, రౌండింగ్ గడి ఖాళీగా ఉంటే మీ పని ఇంకా పూర్తి కాలేదు.

ఆ పైన మూడు చూడండి. మొదలైన తేదీ డిశ్చార్జి మర్నాడా, ట్రిబ్యునల్ చెప్పిన తేదీయా. ‘జీవితకాలం’ అని ఉందా, కొన్నేళ్లకే ఉందా. 2001 ఫిబ్రవరి 7 నాటి ఉత్తర్వుల తరువాత శాశ్వత వైకల్యానికి మళ్లీ మళ్లీ బోర్డు ముందుకు పిలవడం ఆపేశారు, మీరే కోరితే తప్ప. మూడోది, వైకల్యం నూరు శాతమై ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాల్సిన స్థితి అయితే కాన్‌స్టెంట్ అటెండెన్స్ అలవెన్సు విడిగా ఉందా. ఇది అడిగితేనే ఇచ్చిన కేసులు చూశాను.

మూడు నెలల స్లిప్పులు ఒకే మొత్తం చూపించాక ప్రింటు తీసి పీపీవో పక్కన పెట్టండి. నోటుబుక్కు మాత్రం పారేయకండి, మీ పక్క ఊరివాడు రేపో ఎల్లుండో దాన్ని అడగడానికి వస్తాడు.